పాటకూ పాటకూ మధ్య

నవంబరు 23, ఆదివారం

బావగారు ఈసారి క్రిస్మస్ దీపాలకి రారట. మైకు ముట్టరట. ఆ మాట తమ్ముడు ఓరిన్‌తో తానే చెప్పలేదు, చేపలకి ఎరలు అమ్మే కొట్టు డార్లిస్ చేత కబురంపారు. డార్లిస్ గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ, మీ ఇంటి రాయబారాలు మోయడానికి నాకేమైనా జీతమిస్తున్నారా అని ఓరిన్‌ని దెప్పింది. వెళ్ళేముందు మాత్రం నా చెయ్యి పట్టుకుని, చేపలు పట్టే గుడిసె అప్పుడే గడ్డకట్టిన సరస్సు మీదికి లాగేసుకున్నాడమ్మా, పొయ్యీ మంచం రేడియో అన్నీ అందులోనే, ఇక ఇంటిమొహం చూసేలా లేడు అంది.

పోయిన డిసెంబరు సంగతి ఈ పుస్తకంలో ఇంతవరకూ రాయలేదు. రాయాలి.

మా ఇంటిముందు క్రిస్మస్ దీపాలు ఏటా అన్నదమ్ములిద్దరి పని. దీపాలు నా భర్త ఓరిన్‌వి. రేడియో వాళ్ళ అన్న, అంటే బావగారు, వెర్లిన్‌ది. కార్లు మా మలుపు తిరగగానే హెడ్‌లైట్లు ఆర్పేస్తాయి. బోర్డు మీద ఉన్న నంబరుకి రేడియో తిప్పుకుంటే పాటలు వస్తాయి, ఆ పాటలకు తగ్గట్టు దీపాలు ఆడతాయి. పాటకూ పాటకూ మధ్య బావగారు గరాజ్‌లో కూర్చుని మైకులో కబుర్లు చెబుతారు. నచ్చినవాళ్ళు హారన్ కొడతారు. అవే మా చప్పట్లు.

ఆయన భార్య ఇడెల్లా అక్క కారు కారుకీ వెళ్ళి వేడి కోకో అందించేది. పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం రెండు కార్ల మధ్య కుప్పకూలింది. దగ్గరున్న కారు హారన్ కొట్టింది. వెనక కారు కొట్టింది. తర్వాత వరసంతా. లోపల బావగారు, అబ్బో, ఇవాళ తెగ నచ్చేశానే మీకు అని ఇంకో జోకు వేశారు. హారన్లు ఇంకా పెరిగాయి. ఆయన ఇంకోటి వేశారు.

అంతే. అక్క మళ్ళీ లేవలేదు. అప్పటినుంచీ మైకు మీద ఒక గుడ్డ కప్పేసి ఉంది.

నవంబరు 27, గురువారం

థాంక్స్‌గివింగ్. ఆయనకీ కంచం పెట్టాం. రాలేదు.

నవంబరు 29, శనివారం

పాటల మధ్య ఖాళీలు తీసేసి వరసగా పాటలే పెడదామని ఓరిన్. వద్దన్నాను. మరి ఆ ఖాళీలో జనం ఏం వినాలి, నీ ఉపన్యాసమా అన్నాడు. కాలేజీలో చరిత్ర చెబుతానని నా మీద ఎప్పుడూ ఇదే ఎత్తిపొడుపు. ఏమీ వినక్కర్లేదు, అది ఆయన చోటు, అలా ఉండనీ అన్నాను. ఓరిన్ బల్బులు విప్పే పనిలో పడ్డాడు. తర్వాత, సరే, ఆ ఖాళీలో దీపాలన్నీ ఆర్పేసి వసారా మీది నక్షత్రం ఒక్కటే వెలిగేట్టు చేస్తాలే అన్నాడు.

ఇద్దరం కలిసి బోర్డుకి ఒక కొత్త వరస రాశాం. దయచేసి హారన్ కొట్టవద్దు.

డిసెంబరు 1, సోమవారం

కారులో కూర్చుని స్టేషన్ లేని చోటు కోసం రేడియో ముల్లు తిప్పుతూ గంట గడిపాను. పాత నంబరు పక్కకి ఎవరో కొత్త స్టేషన్ వాళ్ళు వచ్చారు. ఇవాళ నేను గమనించింది రాస్తాను. ఎవరూ లేని చోట రేడియో బుస్సుమంటుంది. ఇంట్లో పాటలు పంపే మన చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, పాటేమీ వేయకుండా వదిలేస్తే ఆ బుస ఆగిపోతుంది. నిశ్శబ్దం వస్తుంది. అది వట్టి నిశ్శబ్దం కాదు. ఎవరో తలుపు తీసి గుమ్మంలో నిలబడి ఇంకా నోరు తెరవనట్టు ఉంటుంది.

స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే విన్నాను. నలభై ఏళ్ళు దాటాక ఇది తెలిసింది నాకు. మాట్లాడనివాడు ఉండటానికీ అసలెవరూ లేకపోవడానికీ తేడా రేడియోకి తెలుసు.

ఆయనకీ తెలుసు. బావగారికి చిన్నప్పటినుంచీ ఒకటే పిచ్చి, దూరపు స్టేషన్లు పట్టడం. బలంగా వచ్చేవి ఆయనకక్కర్లేదు. కొన ఊపిరితో వచ్చేది వినిపించిందా, అన్నం మానేసి దాని వెంట పడతారు. ఫోన్ ఎత్తరు. తలుపు తీయరు. కానీ వినీ వినిపించని సిగ్నల్ ఒకటి ముల్లుకి తగిలితే వదిలేస్తారా?

ఆ ఖాళీ ఆయన గుడిసె దాకా వెళ్ళాలి. నాకు కావలసింది అంతే.

డిసెంబరు 3, బుధవారం

వెళ్ళదు. మా పడవల రేవు దాకా కూడా పోలేదు. కోకో బల్ల దాటగానే బుస.

ఓరిన్ స్నేహితుడొకడు పవర్ పెంచే డబ్బా తెచ్చిస్తానన్నాడు. సరస్సు అవతల కౌంటీ దాకా మోగుతుంది వదినా, భయపడకు అన్నాడు. అది నిబంధనలకు విరుద్ధం. పైగా మా నంబరు పక్కనే పొరుగూరి చర్చి వాళ్ళు ఇల్లు కదలలేని ముసలివాళ్ళ కోసం ప్రార్థనలు ప్రసారం చేస్తారు. నేను చర్చికి వెళ్ళడం మానేసి చాలాకాలమైంది. అయినా ఒక ముసలామె ప్రార్థన మీద నా పాటలు మోగించలేను. వద్దన్నాను.

పవర్ పెంచకూడదు. ఎత్తు పెంచుకోవచ్చు, చోటు మార్చుకోవచ్చు, తీగ సరిచేసుకోవచ్చు. ఆ దారిలోనే వెళ్ళాలి.

డిసెంబరు 6, శనివారం

ట్రాన్స్‌మిటర్ ఇన్నాళ్ళూ గరాజ్‌లో, ఇనుప ఫ్రీజర్ మీద, రేకు గోడల మధ్య ఉంది. బావిలో కూర్చుని కేక వేసినట్టు. దాన్ని పడవల షెడ్డుకి మార్చి, గరాజ్‌లోని మైకు తీగ అక్కడిదాకా లాగాం. అది కలప షెడ్డు. దాని కప్పు మీద ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, దాని కొసన ఏంటెన్నా. మా నంబరుకి లెక్కకట్టి కోసిన తీగ నా చేతి పొడవుంది. కింద గొడుగు ఊచల్లా నాలుగు తీగలు వాలుగా.

ఓరిన్ నిచ్చెన మీద, నేను కింద. చలికి వేళ్ళు చెక్కలయ్యాయి. పైనుంచి ఓరిన్, పెళ్ళికి ముందు నీకింత పిచ్చి ఉందని మీ నాన్న ఒక్క ముక్క చెప్పలేదే అని అరుపు. చెబితే చేసుకునేవాడివి కాదనా అన్నాను. అప్పుడూ చేసుకునేవాణ్ణి, నిచ్చెన ముందే కొనుక్కునేవాణ్ణి అన్నాడు.

మధ్యాహ్నం చిన్న రేడియో జేబులో పెట్టుకుని సరస్సు మీద నడిచాను. రేవు దాటింది. వాగు కలిసే మూల దాటింది. బావగారి గుడిసె పొగ కనిపించేదాకా పాట నా జేబులోనే ఉంది! మధ్యలో ఒకచోట ఆగాను. కాళ్ళ కింద గడ్డకట్టిన సరస్సు పొడుగ్గా, సన్నగా, తిమింగలం కూసినట్టు కూసింది. పగుళ్ళు సాగే చప్పుడది, ఏటా వింటాను. ఇవాళ మాత్రం జవాబు చెప్పినట్టనిపించింది. చదువుకున్నదాన్ని, ఇలాంటివి అనుకోకూడదు. అనుకున్నాను.

డిసెంబరు 6, సాయంత్రం

దీపాలు వెలిగించగానే పోయింది. మళ్ళీ రేవు దగ్గరే బుస.

డిసెంబరు 8, సోమవారం

రెండు రోజులు కుస్తీ పట్టాక అర్థమైంది. దోషం దీపాలదే. వాటిని ఆడించే చిన్న చిన్న పెట్టెలన్నీ రేడియోలో గరగరలు పోస్తాయి. దీపాలు వెలిగినంతసేపూ పాట గేటు దాటదు. దీపాలు ఆరిన క్షణం సరస్సంతా దానిదే.

అంటే ఆయన దాకా పాటలు వెళ్ళవు. దీపాలారిపోయి నక్షత్రం ఒక్కటే వెలిగే ఆ ఖాళీలు మాత్రం వెళతాయి.

నేను ఏర్పాటు చేసింది కాదిది. నాకు భయంలాంటిది వేసింది. మంచి భయం.

డిసెంబరు 12, శుక్రవారం

డార్లిస్ కొట్టుకి వెళ్ళాను. ఆయన రోజూ వచ్చి బతికున్న చిన్న చేపలు ఎరకని కొంటాడట. ఆమె ఒకరోజు గుడిసెకి వెళ్ళి చూస్తే గాలానికి కొక్కెమే లేదట. కొన్న చేపల్ని ఐసులో తొలిచిన కన్నంలోంచి సరస్సులోకి వదిలేస్తున్నాడు, నా కొట్టుకి లాభమే కానీ నాకేం బాగాలేదమ్మాయ్ అంది. చిక్కిపోయాడు, నేను పంపిన కూర గిన్నె మూత తీయకుండానే వెనక్కిచ్చాడు అంది. తర్వాత గొంతు తగ్గించి, మార్చిలో ఐసు కరిగేలోగా గుడిసెలన్నీ గట్టుకి లాగేయాలి కదా, ఆయన లాగుతాడంటావా అని అడిగింది.

మేమిద్దరం అనుకుంటున్నది ఒకటే. ఇద్దరం పైకి అనలేదు.

డిసెంబరు 14, ఆదివారం

ఇదంతా ఎవరి కోసం చేస్తున్నాను? దుఃఖంలో ఉన్న మనిషిని ఒంటరిగా వదిలేయడం కూడా ప్రేమే కావచ్చు. నేను ఆయన కిటికీ మీద గులకరాళ్ళు విసురుతున్నానేమో. పైగా ఏ దీపాలు చూడలేక పారిపోయారో వాటి ముందునుంచే.

ఓరిన్‌ని అడిగితే, నాకు తెలీదు, కానీ నాకు అన్న కావాలి అని అటు తిరిగి పడుకున్నాడు.

డిసెంబరు 16, మంగళవారం

బైనాక్యులర్స్‌లో చూశాను. గుడిసె కప్పు మీది పెద్ద ఏంటెన్నా, ఎప్పుడూ దక్షిణంగా నగరం వైపు ఉండేది, మా వైపు తిరిగి ఉంది.

డిసెంబరు 17, బుధవారం

గాలికి తిరిగిందేమో అనుకున్నాను. రాత్రంతా అదే అనుకున్నాను. ఇవాళ గుడిసె కూడా జరిగింది. నిన్నటి పొగ చోటుకీ ఇవాళ్టి పొగ చోటుకీ మధ్య మంచు మీద గీత. నెమ్మదిగా, మా వైపు.

నేను సిగ్నల్ వెళ్ళే దూరం పెంచాలని చూస్తుంటే ఆయన దూరం తగ్గించుకుంటున్నారు.

డిసెంబరు 19, శుక్రవారం

గుడిసె మళ్ళీ జరిగింది. సాయంత్రం ప్రతి ఖాళీలోనూ నేను నక్షత్రం కింద నిలబడి సరస్సుకేసి చూస్తున్నాను. కార్లలో జనానికి ఆ ఖాళీ అలవాటైపోయింది. పిల్లలు కూడా గొంతు తగ్గించేస్తున్నారట. ఒకాయన కోకో తీసుకుంటూ, మధ్యలో ఏమీ రాదే, అదే బాగుంటుంది నాకు అన్నాడు.

చీకటిపడ్డాక డార్లిస్ ఫోన్. పైన వాగుకి అడ్డంగా బీవర్లనే జంతువులు కట్టిన కట్ట తెగిందట. వాగు ఉరవడి పెరిగి, అది సరస్సులో కలిసే మూల ఐసుని కిందనుంచి తినేస్తోందట. పైకి మంచు కప్పుకుని మామూలుగానే ఉంటుంది, అందరికీ చెప్పండి అంది. ఆయనకి చెప్పావా అంటే, మూడు రోజులుగా కొట్టుకే రాలేదు, మీరే చెప్పాలి అంది.

డిసెంబరు 20, శనివారం

క్రిస్మస్ చెట్టులాంటి పనికిరాని స్ప్రూస్ చెట్లు తెచ్చి ఓరిన్ ఆ మూల దగ్గర ఐసులో నాటాడు, ఇటు దాటొద్దని గుర్తుగా. మా గట్టు వైపు మాత్రమే నాటగలిగాడు. సరస్సు వైపుకి అడుగేస్తే కింద నీళ్ళు కదలడం తెలుస్తోందట. బావగారి గుడిసెకి చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు కొడితే ఆయన లేరు. చీటీ రాసి తలుపుకి గుచ్చుదామంటే పెన్నులో సిరా గడ్డకట్టింది. రేపు మళ్ళీ వెళతాడట.

డిసెంబరు 21, ఆదివారం

ఇది ఇప్పుడే రాయాలి.

నాలుగున్నరకే చీకటి. ఓరిన్ ఫ్యూజులు కొనడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. అటునుంచి అటే అన్న దగ్గరికి వెళ్ళొస్తానన్నాడు. కార్ల వరస అప్పటికే మలుపు దాకా ఉంది. కోకో బల్ల దగ్గర ఉన్నదాన్ని ఎందుకో సరస్సుకేసి చూశాను. రెండు హెడ్‌లైట్లు. బావగారి పాత పికప్. వెనక గుడిసె లాక్కుంటూ వస్తోంది. కొంచెం వస్తుంది, ఆగుతుంది. మళ్ళీ కొంచెం వస్తుంది, ఆగుతుంది.

ఏం చేస్తున్నారో అర్థమైంది. బండి రేడియోలో మమ్మల్ని వెతుక్కుంటున్నారు. ఎక్కడ బాగా వినిపిస్తుందా అని.

వస్తున్నది సూటిగా వాగు మూలకి. అటువైపు ఒక్క చెట్టూ లేదు.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. అరిచాను. ఎదురుగాలి. పరిగెత్తితే మాకిద్దరికీ మధ్య ఉన్నది ఆ మూలే. ఇంత సరస్సుకీ దీపాలు పెట్టి, ఖాళీ పెట్టి, నేనే పిలిచాను ఆయన్ని. ఆయన వస్తున్నారు.

గరాజ్‌లోకి వెళ్ళి దీపాల మెయిన్ స్విచ్ దించేశాను. దీపాలన్నీ పోయాయి. బయట కార్లలోంచి అయ్యో అని పిల్లల గొంతులు. ట్రాన్స్‌మిటర్ షెడ్డులో వేరే తీగ మీద ఉంది, బతికే ఉంది. పాట ఆపి మైకు మీది గుడ్డ లాగేశాను. ఇంతకుముందు ఎప్పుడూ దాంట్లో మాట్లాడలేదు. వినేవాళ్ళ మొహం కనబడకుండా మాట్లాడటం నాకు రాదు.

బావగారూ, నేను, మీ మరదలు సోల్వేని అన్నాను. ఆపండి బండి. కట్ట తెగింది. వాగు మూల ఐసు కిందనుంచి తినేసింది. ముందుకు రావద్దు. మీ పుణ్యముంటుంది, ఒక్క గజం కూడా రావద్దు. వచ్చిన జాడలోనే వెనక్కి వెళ్ళండి. మళ్ళీ చెప్పాను. మళ్ళీ మళ్ళీ చెప్పాను. మధ్యలో ఏడ్చానో ఏమో. ఇంకేం చెప్పాలో తెలియక, మీ చోటు ఎవరికీ ఇవ్వలేదు బావగారూ, పాటకూ పాటకూ మధ్య అలాగే ఉంచాం అన్నాను.

బయటికి పరిగెత్తాను. కార్లు, దీపాల్లేవు, ఇంజన్లు కూడా ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. అంత చీకట్లో అంతమంది జనం, ఒక్క చప్పుడు లేదు. పైన చుక్కలు ఇన్ని ఉన్నాయని ఈ డిసెంబరంతా నేను చూడలేదు. దీపాలు పెట్టుకుని కూర్చున్నాం మరి. మొదటి కారు అద్దం దించి ఒక ముసలామె, ఎవరో ఏమిటో అడగలేదు, ఆగాడా తల్లీ అని మాత్రం అడిగింది. వెనక కారు వాళ్ళు, ఆగాడా అట. ఆ వెనక. వరస పొడుగునా ఆ ఒక్క మాట గుసగుసగా పోయింది.

హెడ్‌లైట్లు ఆగి ఉన్నాయి. చాలాసేపు. తర్వాత నెమ్మదిగా, వంకరగా, వెనక్కి. చిన్నవవుతూ.

వెనక్కి వెళుతున్నాడు అన్నాను. ఆ ముసలామె అద్దం ఎక్కించుకుని స్టీరింగ్ మీద తల పెట్టుకుంది. ఎవరూ హారన్ కొట్టలేదు.

డిసెంబరు 22, సోమవారం

నిన్న ఓరిన్ వెళ్ళేసరికి గుడిసె పాత చోటే ఉందట. తలుపు తీయలేదట. లోపల రేడియో మాత్రం వినిపించిందట. ఏం వస్తోంది అని అడిగాను. ఏమీ రావట్లేదు, బుస కూడా లేదు అన్నాడు.

డిసెంబరు 24, బుధవారం

క్రిస్మస్ ముందురోజు. కార్లు మలుపు దాటి రోడ్డు దాకా. డార్లిస్ కోకో పోస్తోంది, పోస్తూ ప్రతివాడినీ తిడుతోంది. రెండో కప్పు అడిగినవాణ్ణి, ఇదేమన్నా మీ అత్తారిల్లా అంది.

చివరి ఖాళీకి కొంచెం ముందు, సరస్సు మీద హెడ్‌లైట్లు. గుడిసె లేదు, బండి ఒక్కటే. అవతలి కొస చుట్టూ తిరిగి, స్ప్రూస్ చెట్లకి దూరంగా, పెద్ద వంపు తీసుకుని వస్తోంది. ఓరిన్ నా భుజం పట్టుకున్నాడు. మంచి దారినే వస్తున్నాడు, మంచి దారినే అంటున్నాడు. నాకు చెబుతున్నాడో తనకి చెప్పుకుంటున్నాడో.

మా రేవుకి ఇంకా కొంత దూరం ఉండగా ఆ వెలుతురు ఆరిపోయింది.

రెండూ ఒక్కసారే.

ఓరిన్ చెయ్యి నా భుజం మీదనుంచి జారిపోయింది. సరిగ్గా అప్పుడే ఖాళీ వచ్చింది, మా దీపాలూ ఆరిపోయాయి. నక్షత్రం ఒక్కటే. సరస్సు నల్లగా ఉంది. ఓరిన్ రేవు మెట్లు దిగి పరిగెత్తుతున్నాడు. నేను గట్టు మీదే ఉండిపోయాను. ఐసు విరిగిన చప్పుడు కోసం వింటున్నాను, వినిపించకూడదని వింటున్నాను.

వినిపించింది హారన్. చీకట్లోంచి, సరస్సు వైపునుంచి. ఒక్కసారి, చిన్నగా.

అప్పుడు తెలిసింది. మా దీపాల దగ్గరికి వచ్చేవాళ్ళందరూ ఏం చేస్తారో ఆయనా అదే చేశారు. హెడ్‌లైట్లు ఆర్పుకుని వచ్చారు.

వరసలో అందరికీ బోర్డు మీద రాసింది గుర్తుంది. ఒక్కళ్ళూ తిరిగి కొట్టలేదు. పికప్ చీకట్లోనే రేవు పక్కనుంచి గట్టెక్కి, కార్ల చివర ఒక కారులా నిలబడింది. ఓరిన్ పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి దాని బానెట్ మీద రెండు చేతులూ ఆనించి వంగిపోయాడు.

కోకో నేనే తీసుకెళ్ళాను. ఆయన అద్దం దించారు. గడ్డం పెరిగింది, చిక్కిపోయారు. కప్పు అందుకుని, నా మొహం చూడకుండా, అమ్మాయ్, దీపాలు వెలిగినప్పుడల్లా నీ పాటల్లో పల్లీలు వేగుతున్నాయి అన్నారు.

తెలుసు బావగారూ అన్నాను.

మధ్యలోవి బాగా వస్తున్నాయి అన్నారు.

డిసెంబరు 25, ఉదయం

పికప్ మా వాకిట్లోనే ఉంది. గరాజ్ తలుపు ఓరగా తీసి ఉంది. వంటింటి రేడియోలో బుస లేదు, పాట లేదు. ఎవరో మైకు దగ్గర కూర్చుని ఊపిరి తీసుకుంటున్నారు. వింటూ కూర్చున్నాను.